నీళ్ళు దిగాక శ్రీశైలం: అలంపురం నుంచి దోర్నాల దాకా

శ్రీశైలం డ్యామ్ చూడ్డానికి జనం ఆగస్టులోనో సెప్టెంబరులోనో వెళ్తారు. గేట్లు ఎత్తారని టీవీలో రాగానే ఘాట్ రోడ్డు కార్లతో నిండిపోతుంది. పన్నెండు గేట్లలోంచి కృష్ణమ్మ దూకుతుంటే ఆ హోరు, ఆ తుంపర నిజంగానే చూసితీరాలి. కానీ నిండుగా ఉన్న జలాశయం తన అడుగున ఏముందో చూపించదు. ఏం మునిగింది, ఎంత పూడింది, ఎవరి పొలం ఏ నీళ్ళ కింద ఉంది అన్నవి తెలియాలంటే నీళ్ళు బాగా దిగిపోయిన రోజుల్లో వెళ్ళాలి. అందుకని ఏప్రిల్ చివర్లో, ఎండలు మండుతుండగా బయల్దేరాను. డ్యామ్ దగ్గర మొదలుపెట్టకుండా, జలాశయం తోక దగ్గర మొదలుపెట్టి, నీళ్ళు నడిచిన దారిలోనే డ్యామ్ దాకా రావాలని అనుకున్నాను.

మొదటి రోజు: అలంపురం, కర్నూలు

హైదరాబాద్ నుంచి కర్నూలు బస్సెక్కి అలంపురం చౌరస్తాలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో ఊళ్ళోకి వెళ్ళాను. పొద్దున పది కాకముందే వేడిగాలి మొదలైంది. అలంపురం అనగానే జోగులాంబ, నవబ్రహ్మ ఆలయాలు గుర్తొస్తాయి. బాదామి చాళుక్యుల కాలపు ఆ గుడులు ఉన్నచోటే ఉండటానికి కారణం, ఊరికీ తుంగభద్రకీ మధ్య కట్టిన రక్షణ గోడ. శ్రీశైలం జలాశయం నిండితే వెనక్కి తన్నే నీళ్ళు ఇక్కడి దాకా వస్తాయని అప్పట్లో కట్టారు. గోడెక్కి చూస్తే కింద తుంగభద్ర ఇసుకలో పాయలుగా పారుతోంది. ఈ నదిని చూస్తే ఇక్కడిదాకా నీళ్ళు లేస్తాయంటే నమ్మబుద్ధి కాదు.

అన్ని గుడులకీ గోడ కట్టలేరు కదా. కృష్ణా, తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గరున్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి, ఊడదీసి, తెచ్చి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. పాపనాశి గుడుల్ని కూడా అలాగే తరలించారు. సంగమేశ్వరాలయం ప్రదక్షిణ దారిలో చాలాసేపు నిలబడ్డాను. గోడల మీది శిల్పం ఎక్కడా చెదరలేదు. పురావస్తు శాఖ చేసిన ఆ పనికి చేతులెత్తి దండం పెట్టాలి. అయితే నదుల సంగమం కోసం కట్టిన గుడి ఇప్పుడు సంగమం లేని చోట ఉంది. దాన్ని తేలేకపోయారు, తేలేరు కూడా.

సాయంత్రానికి కర్నూలు చేరాను. ఇక్కడ జగన్నాథగట్టు మీద రూపాల సంగమేశ్వరాలయం ఉంది. అదీ ముంపు ప్రాంతం నుంచి తెచ్చిందే. గట్టు మీంచి ఊరంతా కనిపిస్తుంది. తీసుకెళ్ళిన ఆటో అన్నతో మాటల్లో 2009 వరద ప్రస్తావన వచ్చింది. ఇక్కడ వాన గురించి ఎవరితో మాట్లాడినా ఆ మాట రాక మానదు. ఆ ఏడాది అక్టోబరు 2న కర్నూలు నీళ్ళలో మునిగింది. "మొదటి అంతస్తు మునిగె సార్, మేము మిద్దె మీద రెండు రాత్రులు ఉంటిమి" అన్నాడు.

అప్పుడు శ్రీశైలానికి వచ్చిన వరద సుమారు 25 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీళ్ళు. డ్యామ్‌ని అంత వరద కోసం కట్టలేదు. నిండు మట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులైతే నీళ్ళు 896 అడుగుల దాకా లేచాయి. డ్యామ్ నిలబడటమే గొప్ప. వాన అసాధారణమైనదే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ వరదకి ముందే జలాశయాన్ని దాదాపు నింపి ఉంచడం వల్ల వచ్చే నీళ్ళకి చోటు లేకపోయిందన్న విమర్శ కర్నూలులో ఇప్పటికీ వినిపిస్తుంది. ఇందులో ఉన్న చిక్కు ఒక్క శ్రీశైలానిదే కాదు. కరెంటుకి నీటిమట్టం ఎంత ఎత్తుంటే అంత లాభం. వరద ఆపాలంటే ఖాళీ ఉండాలి. ఒకే డ్యామ్ రెండు పనులూ చేయాలంటే ఒకదానికోసం ఇంకోదాన్ని కొంత వదులుకోవాల్సిందే. అందుకే ఏ నెలలో ఎంత ఖాళీ ఉంచాలో ముందే రాసుకుని, దానికి కట్టుబడి ఉండటం చాలా ముఖ్యం.

రెండో రోజు: సంగమేశ్వరం

ఈ ప్రయాణంలో నేను ఎక్కువగా ఎదురుచూసింది ఈ రోజు కోసమే. కర్నూలు నుంచి నందికొట్కూరు, అక్కణ్ణుంచి కొత్తపల్లి మండలం వైపు ఆటో. చివరి కొన్ని కిలోమీటర్లు రోడ్డే కాదు, జలాశయం అడుగు. వర్షాకాలంలో పడవలు తిరిగే చోట ఇప్పుడు మా ఆటో దుమ్ము లేపుకుంటూ పోతోంది.

సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే ఉంటుంది. జలాశయం మట్టం 840 అడుగుల చుట్టుపక్కలకి దిగితే బయటపడుతుంది. నీళ్ళు దిగుతుండగానే పూజారి వచ్చి గర్భగుడిలో బురద ఎత్తించి, కడిగించి, పూజ మొదలుపెడతారు. ఇక్కడి లింగం వేపమొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ప్రతి ఏడూ నెలల తరబడి నీళ్ళలో నానుతున్నా ఆ చెక్క అలాగే ఉంది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి ఏడూ కలిసే చోటని దీనికి సప్తనదీ సంగమం అని పేరు. నేను వెళ్ళిన పూట ఓ ముప్ఫై మంది భక్తులున్నారు. గుడి గోడల మీద నీళ్ళు ఎక్కడెక్కడ ఎన్నాళ్ళు నిలిచాయో చెప్పే గీతలు, ఒకదాని మీద ఒకటి, తెల్లగా, గోధుమ రంగుగా.

గుడి నుంచి పక్కకి నడిస్తే అసలు కథ మొదలవుతుంది. నేల మొత్తం ఒండ్రు. పైన ఎండి పెచ్చులు పెచ్చులుగా విచ్చుకుంది. ఒక పెచ్చు చేత్తో లేపి చూశాను. బెత్తెడు మందం ఉంది. అంచున సన్నటి పొరలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కొన్ని పొరలు ఎర్రగా, కొన్ని నల్లగా. ఏ వాన ఏ నేల మీద కురిసి ఈ మట్టిని కోసుకొచ్చిందో ఆ రంగులే చెబుతున్నాయి. పెచ్చు కింద ఇంకో పెచ్చు, దాని కింద ఇంకా తడిగా ఉన్న బురద. పక్కనే వాగు కోసేసిన చోట నిలువు గట్టు ఉంటే దిగి చూశాను. నా తల కన్నా ఎత్తు ఉంది, అంతా ఒండ్రే, అసలు నేల ఇంకా కనిపించలేదు.

ఈ డ్యామ్ కట్టినప్పుడు దాని సామర్థ్యం 308 టీఎంసీలు. ఇప్పుడు నిండు మట్టంలో 215.81 టీఎంసీలుగా లెక్కిస్తున్నారు. అంటే 92 టీఎంసీల చోటు మట్టికి పోయింది. ఒక టీఎంసీ అంటే దాదాపు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఆ లెక్కన 260 కోట్ల ఘనపు మీటర్ల మట్టి. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లతో తోలాలంటే 26 కోట్ల ట్రిప్పులు కావాలి. పూడిక తీస్తే సరిపోతుందని సభల్లో చెప్పేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి. అయినా తీసి ఎక్కడ పోస్తారు? చుట్టూ అడవి, పొలాలు.

మట్టి రాకుండా ఆపడమొక్కటే నిజమైన దారి. శ్రీశైలం పైన కృష్ణా పరివాహక ప్రాంతం రెండు లక్షల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్ర నాలుగు రాష్ట్రాల వాలు నేలల్లో గట్లు, చెట్లు, చెరువులు బాగుండాలి. అది ఏ ఒక్క శాఖ చేతిలోనూ లేదు, అందుకే ఎవరి పనీ కాకుండా పోయింది. ఇక్కడ ఆగిపోయిన ఈ ఒండ్రు నిజానికి దివిసీమకి, కృష్ణా డెల్టాకి చేరాల్సింది. నదిపై కట్టిన డ్యామ్‌లు మట్టిని ఆపేయడంతో డెల్టాకి కొత్త మట్టి బాగా తగ్గిపోయింది. సముద్రం అంచున తీరం కోతకి గురవడానికి అదీ ఒక కారణం. పైన జలాశయానికి ఎక్కువై బాధ, కింద డెల్టాకి తక్కువై బాధ.

మధ్యాహ్నం ఎండకి ఒక పందిరి కిందకి చేరితే అక్కడ ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. దగ్గర్లో మినుము వేశాడట, కాపలాకి వచ్చాడు. నీళ్ళు దిగిపోగానే ఆ తేమలోనే విత్తనం వేసి, మళ్ళీ వరద వచ్చేలోపు పంట తీసుకుంటారు. ఇది మీ పొలమేనా పెద్దాయనా అని అడిగాను.

"మా నాయన పొలమే సార్. ఇప్పుడు గవుర్మెంటుది. నష్టపరిహారం ఇచ్చిరి కదా, అందుకని. నీళ్ళు పోతే మేమే దున్నుకుంటాం, ఎవరూ ఏమీ అనరు. కాయితం మాత్రం లేదు. పంట పోతే అడిగేదానికి లేదు."

ఊరెక్కడుండేదని అడిగితే లేచి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, దూరంగా రాళ్ళ కుప్పల్లా కనిపిస్తున్న చోటు చూపించాడు. "ఆడ. ఎనభై ఒకటిలో పోలీసోళ్ళు వచ్చిరి, బుల్డోజర్లు తెచ్చిరి. సామాను సర్దుకోనీకి టైము ఇయ్యలేదు. ఇచ్చిన దుడ్లకి బయట అరెకరం రాలేదు."

ఆయన చెప్పిన రాళ్ళ దగ్గరకి వెళ్ళాను. పునాదులు కనిపిస్తున్నాయి. ఒక ఇంటికి గడప రాయి ఉన్నచోటే ఉంది. రెండు చివర్లా తలుపు తిరిగే గుంటలు. గడప మధ్యలో కాళ్ళ రాపిడికి రాయి పల్లంగా అరిగి ఉంది. పక్కన సగం పూడిపోయిన రోలు. రోట్లో కూడా ఒండ్రే.

శ్రీశైలం జలాశయం కింద దాదాపు వంద ఊళ్ళు పోయాయి, లక్ష మంది దాకా నిర్వాసితులయ్యారు. ఎక్కువగా కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల వాళ్ళు. అప్పటికి ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. అందులో భూమికి డబ్బులివ్వడం తప్ప మనిషికి మళ్ళీ బతుకు చూపించడం అన్న మాటే లేదు. కూలీకి, వృత్తిపనివాళ్ళకి, భూమిలేని వాళ్ళకి అసలే లేదు. 1986లో వచ్చిన జీవో 98 ప్రకారం ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలి. ఆ ఉద్యోగాల కోసం దరఖాస్తులు పట్టుకుని తిరిగినవాళ్ళు అక్కడే ముసలివాళ్ళయ్యారు. వాళ్ళ పిల్లలు ఇప్పుడు అవే కాగితాలు పట్టుకుని ధర్నాలు చేస్తున్నారు. కరెంటు బిల్లులో యూనిట్ ధర చూసి జలవిద్యుత్తు చవక అంటాం. చవకే. కానీ ఆ ధరలో ఈ గడప రాయి లెక్క ఎప్పుడూ వేయలేదు.

సాయంత్రం మరపడవలో అవతలి ఒడ్డుకి, సోమశిలకి దాటాను. నీళ్ళు పల్చగా ఉన్నచోట్ల పడవ నడిపే అతను మోటారు ఆపి గెడతో తోస్తూ వచ్చాడు.

మూడో రోజు: సోమశిల నుంచి నల్లమల

సోమశిల ఒడ్డున పొద్దున్నే చేపల పని చూడాలి. స్థానిక జాలర్లు పుట్టిల్లో వెళ్ళి రాత్రి వేసిన వలలు తీసుకొస్తారు. రవ్వ, బొచ్చె, జెల్ల. వాళ్ళతో టీ తాగుతూ మాట్లాడితే మొదటి మాటే అలివి వలల గురించి వచ్చింది. అలివి అంటే దోమతెర లాంటి సన్న కన్నుల వల, వందల మీటర్ల పొడవుంటుంది. పది పదిహేను మంది కలిసి రెండు చివర్లా లాగుతారు. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల కూడా తప్పించుకోలేదు.

"సర్కారు చేపపిల్లలు పోస్తది సార్. అవి వేలెడు పెరగకముందే అలివిల పడ్తయి. ఎండబెట్టి అమ్ముకుంటరు. మాకేం మిగులుతది?" అన్నాడు ఒక యువకుడు. కొంచెం దూరం నడిస్తే అతను చెప్పింది కళ్ళారా చూశాను. ఇసుక మీద టార్పాలిన్లు పరిచి ఎండబెట్టిన చేపలు. దోసిట్లోకి తీసుకుంటే కొన్ని వందలు వచ్చాయి, ఒక్కొక్కటీ నా చిటికెన వేలి గోరంత. అందులో రవ్వ ఏదో, బొచ్చె ఏదో గుర్తుపట్టడానికి కూడా లేదు. ఈ వల నిషేధం. అయినా నడుస్తోంది, ఎందుకంటే లాగేవాళ్ళ వెనక పెట్టుబడి పెట్టే వ్యాపారులుంటారు. వల లాగేవాళ్ళలో చాలామంది ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చినవాళ్ళు. వాళ్ళ గుడిసెల దగ్గర ఒకామె, "అక్కడ సముద్రంలో వేట సాగట్లేదండి, అప్పు తీరేదాకా ఇక్కడే" అంది. ఆవిణ్ణి తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. పట్టుకోవాల్సింది వల కొనిచ్చినవాణ్ణి.

పారే నదికి అలవాటుపడ్డ చేపలు నిలవ నీటిలో తగ్గిపోవడం, చెరువు చేపలు పెరగడం ఏ పెద్ద డ్యామ్ దగ్గరైనా జరిగేదే. ఇక్కడ దాని మీద వల కూడా తోడైంది.

కొల్లాపూర్ మీదుగా అచ్చంపేట చేరి, శ్రీశైలం బస్సెక్కాను. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటగానే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన అడవే, రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ అయింది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఈ రోడ్డు మీద వాహనాలు నడవకూడదు. బస్సులో నా పక్కన కూర్చున్న వ్యాపారి దీనిమీద చాలా విసుక్కున్నాడు. నాకైతే ఈ అడవికి మనం ఇచ్చిన అతి చిన్న సాయం ఇదే అనిపిస్తుంది. పగలంతా రోడ్డు మనది, ఆ కాస్త రాత్రి వాటిది.

డ్యామ్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, అటవీ సంరక్షణ చట్టం 1980, పర్యావరణ పరిరక్షణ చట్టం 1986. ప్రాజెక్టు కట్టేముందు పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేయాలన్న నోటిఫికేషన్ 1994లో వచ్చింది. 1981కే డ్యామ్ పూర్తయింది. ఎంత అడవి పోతుంది, నది ఏమవుతుంది, లోయలోని జంతువులు వేసవిలో నీళ్ళకి ఎక్కడికి పోతాయి అని ఎవరినీ అడగాల్సిన అవసరం అప్పుడు లేదు. పులుల అభయారణ్యం వచ్చేసరికి దాని మధ్యలోని లోయ నీళ్ళ కింద ఉంది.

దోమలపెంట దగ్గర బస్సు కాసేపు ఆగింది. ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం ఒక చివర ఇక్కడే మొదలవుతుంది. శ్రీశైలం నీళ్ళని ఫ్లోరైడ్‌తో నలిగిపోయిన నల్లగొండకి చేర్చాలని తలపెట్టిన సుమారు 44 కిలోమీటర్ల సొరంగం. పైన పులుల అడవి కాబట్టి మధ్యలో ఎక్కడా భూమ్మీంచి కిందకి దారి తవ్వలేదు, రెండు చివర్ల నుంచే తవ్వుకుంటూ వచ్చారు. 2025 ఫిబ్రవరి 22న దాదాపు పద్నాలుగు కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. మధ్యలో దారి లేకపోవడంతో వెళ్ళినవాళ్ళు అంత దూరమూ సొరంగంలోంచే పోవాల్సి వచ్చింది. అడవిని కాపాడాలి, నల్లగొండకి మంచినీళ్ళు రావాలి, లోపల పనిచేసే మనిషి క్షేమంగా ఇంటికి పోవాలి. ఈ మూడింట్లో ఏదీ వదులుకోదగ్గది కాదు. కొండ లోపలి రాయి ఎలాంటిదో తవ్వడానికి ముందే తెలుసుకునేందుకు పెట్టే ఖర్చుని దుబారా అనుకోకూడదు.

ఆ రాత్రి సున్నిపెంటలో బస.

నాలుగో రోజు: డ్యామ్ దగ్గర

పొద్దున్నే లింగాలగట్టుకి దిగాను. డ్యామ్‌కి దిగువన, వంతెన పక్కన ఉన్న ఈ చిన్న ఊరు చేపలకి పేరు. వంతెన మీద నిలబడితే డ్యామ్ ఎదురుగా కనిపిస్తుంది. పునాది నుంచి 145 మీటర్ల ఎత్తు, 512 మీటర్ల పొడవు. రెండు కొండల మధ్య ఇరుకు చూసి కట్టడంతో పొడవు తక్కువ, ఎత్తు ఎక్కువ. గేట్లన్నీ మూసి ఉన్నాయి. ఆగస్టులో సెల్ఫీల కోసం తోసుకునే ఈ వంతెన మీద ఇప్పుడు నేను, ఒక గేదెల మంద.

కుడిగట్టున 110 మెగావాట్ల యూనిట్లు ఏడు, 1982 నుంచి 1987 మధ్య ఒక్కొక్కటే మొదలయ్యాయి. ఎడమగట్టున కొండ కడుపులో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు. మొత్తం 1,670 మెగావాట్లు. ఎడమగట్టు యూనిట్లకి ఒక ప్రత్యేకత ఉంది. అవి రెండు వైపులా తిరుగుతాయి. గిరాకీ ఉన్నప్పుడు నీళ్ళు కిందకి వదిలి కరెంటు తీస్తాయి, కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళని తిరిగి పైకి తోడతాయి. సోలార్ కరెంటు పెరిగిన ఈ రోజుల్లో దీని విలువ ఇంకా పెరిగింది. మధ్యాహ్నం ఎండలో మిగిలిన కరెంటుని సాయంత్రం ఏడు గంటలకి వాడుకోవడానికి ఉన్న మంచి దారుల్లో ఇదొకటి. బొగ్గు ప్లాంటు చల్లబడి ఉంటే అందుకోవడానికి గంటలు పడుతుంది, ఇక్కడ నిమిషాల్లో కరెంటు వస్తుంది. పొగ లేదు, బూడిద లేదు. డ్యామ్‌ల వల్ల కష్టపడ్డవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట దాచడం న్యాయం కాదు.

ఎడమగట్టు వైపు చూస్తే 2020 ఆగస్టు 20 రాత్రి గుర్తుకొస్తుంది. ఆ భూగర్భ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఇంజనీర్లు. పరికరాల్ని కాపాడాలని లోపలే ఉండిపోయారు. వాళ్ళని తలుచుకోకుండా ఈ కొండని దాటలేకపోయాను.

గేట్ల కింద, నీళ్ళు దూకే చోట నదిలో పెద్ద మడుగు ఉంది. ప్లంజ్‌పూల్ అంటారు. ఇన్నేళ్ళ వరదల దెబ్బకి నది అడుగున రాయి లేచిపోయి లోతుగా గుంత పడింది. దాన్ని బాగుచేయాలని డ్యామ్ భద్రతా నిపుణులు చెబుతూనే ఉన్నారు. కృష్ణా మీద రెండు రాష్ట్రాల మధ్య పంచాయితీ నడుస్తూండగా మరమ్మతుకి డబ్బెవరు పెట్టాలన్నది తేలడం కష్టమే. నీళ్ళ వాటా కోసం చూపించే పట్టుదలలో సగం ఈ గుంత మీద చూపించినా చాలు. ఇది తెగితే కింద నాగార్జునసాగర్ డ్యామ్, ఆ కింద విజయవాడ ఉన్నాయి.

వంతెనకి రెండో పక్క తిరిగి దిగువకి చూశాను. మామూలుగా డ్యామ్ దాటాక నది మళ్ళీ నదిలా పారాలి. ఇక్కడ అలా జరగదు. సాగర్ నిండితే దాని వెనుక జలాలు దాదాపు శ్రీశైలం పాదాల దాకా వస్తాయి. ఒక జలాశయం అయిపోగానే ఇంకో జలాశయం మొదలు. సాగర్ కూడా దిగి ఉన్న ఈ రోజుల్లో మాత్రం రాతి పడక బయటపడి, మధ్యలో నీళ్ళు మడుగులుగా నిలిచి ఉన్నాయి. కరెంటు తీసినప్పుడు నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి, ఆపేస్తే తగ్గిపోతాయి. లింగాలగట్టు జాలరి ఒకతను "సైరన్ మోగితే వల వదిలేసి గట్టెక్కాలన్నా" అన్నాడు. రోజుకొకలా మారే ఈ మట్టంలో చేప గుడ్డు పెట్టాలన్నా, మొసలి గట్టున గూడు పెట్టుకోవాలన్నా కష్టమే.

ఎగువన నీళ్ళు మరో రకంగా పోతాయి. శ్రీశైలంలో ఆవిరి నష్టం కింద, కృష్ణా నీళ్ళ వాటాలు తేల్చిన బచావత్ ట్రైబ్యునల్ 33 టీఎంసీలు లెక్కగట్టింది. హైదరాబాద్‌కి మూడు దశల్లో కృష్ణా నుంచి తెచ్చుకునేది ఏడాదికి 16.5 టీఎంసీలు. అంటే ఆ లెక్కన నగరం కృష్ణా నుంచి తెచ్చుకునేదానికి రెట్టింపు గాల్లో కలిసిపోతోంది. ఇంకొకటి, మొన్న సంగమేశ్వరం దగ్గర చూసిన నేల మీద ఈ రెండు నెలల్లో గడ్డి, కలుపు మొలుస్తుంది. ఆగస్టులో అది మునిగి, గాలి అందని బురదలో కుళ్ళి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వదులుతుంది. ఉష్ణ ప్రాంతపు జలాశయాల్లో ఇది ఏటా జరిగే పని. జలవిద్యుత్తుని పూర్తిగా కాలుష్యం లేనిదని అనలేకపోవడానికి అదే కారణం. బొగ్గుతో పోలిస్తే నయమే, కానీ లెక్కలో సున్నా రాయకూడదు.

మధ్యాహ్నం గట్టు మీది హోటల్‌లో చేపల పులుసుతో భోజనం చేశాను. చాలా బాగుంది. పెద్ద చేప ముక్క.

ఐదో రోజు: పాతాళగంగ, దోర్నాల

మల్లన్న దర్శనం తెల్లవారుజామునే అయింది. తర్వాత పాతాళగంగకి రోప్‌వే కాకుండా మెట్ల మీదే దిగాను. నీళ్ళు బాగా కిందకి పోయాయి. మామూలుగా మునిగి ఉండే మెట్లు బయటపడి, వాటి మీద ఎండిన నాచు, అక్కడక్కడా ప్లాస్టిక్ కవర్లు, షాంపూ సాచెట్లు, దేవుడి పటాల ఫ్రేములు. ఇంటి నుంచి పాత పటాలు తెచ్చి గంగలో వదలడం పుణ్యమనుకుంటారు. అద్దం, మేకులు, రంగు అన్నీ ఈ నీళ్ళలోకే. ఊడ్చే అక్క ఒకామె గోతాం నింపుతూ, "నీళ్ళు నిండితే కనపడవు, దిగితే అన్నీ మాకే" అంది. నేను కూడా కాసేపు ఏరి ఆమె గోతాంలో వేశాను.

పైన చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం చూశాను. తేనె తీసే తాళ్ళు, విల్లంబులు, బుట్టలు. మల్లన్న తమ అల్లుడని చెంచుల నమ్మకం. ఈ అడవిలో ఎవరికన్నా ముందునుంచీ ఉన్నది వాళ్ళే. అడవి లోపలి కొన్ని పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, ఇప్పటికీ సోలార్ దీపాలే వెలుతురు. పక్కనే 1,670 మెగావాట్ల కేంద్రం ఉంది, హై టెన్షన్ లైన్లు వాళ్ళ తలల మీంచే పోతాయి. పులుల అడవిలోకి కొత్త లైన్లు వేయకూడదన్న నియమంలో అర్థం ఉంది. అలాంటప్పుడు ఆ సోలార్ దీపాల బ్యాటరీ పాడైతే వారంలో మార్చే ఏర్పాటు ఉండాలి కదా. ఇంత పెద్ద ప్రాజెక్టు నడిపే ప్రభుత్వాలకి అదేమంత భారం?

మధ్యాహ్నం తర్వాత దోర్నాల బస్సెక్కాను. శిఖరం దాటాక అడవి మళ్ళీ చిక్కబడింది. నల్లమద్ది, ఏగిస చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. రోడ్డు పక్కన అటవీ శాఖ పెట్టిన నీళ్ళ తొట్టి దగ్గర చుక్కల దుప్పులు. డ్రైవర్ హారన్ కొట్టకుండా వేగం తగ్గించాడు, బస్సులో పిల్లలందరూ ఒక వైపుకి వచ్చేశారు.

దోర్నాలలో దిగి టీ కొట్టు దగ్గర నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఒకాయన కలిశారు. నేను తిరిగిన దారి చెబితే ఆసక్తిగా విన్నారు. పూడిక మళ్ళీ కొలవడం, వరద నెలల్లో ఎంత ఖాళీ ఉంచాలన్న నియమం, నిర్వాసితుల జాబితా, ఈ మూడూ రెండు రాష్ట్రాలు కలిసి కూర్చుంటే తేలే పనులే అన్నారాయన. కొత్తగా నల్లమల చుట్టూ, నీళ్ళని పైకి తోడి కావాల్సినప్పుడు కరెంటు తీసే పంప్‌డ్ స్టోరేజీ ప్రాజెక్టులు వస్తున్నాయి కదా అంటే, "రానివ్వండి, అవసరమే. నదికి దూరంగా, ఊళ్ళు లేపకుండా కట్టగలిగే చోట కట్టమనండి. ముంపు మ్యాపు ముందే ఆ ఊరి పంచాయతీ గోడకి అంటించమనండి. మా కాలంలో అదీ చేయలేదు" అన్నారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: పత్రికల్లో రోజూ వచ్చే జలాశయాల పట్టికలో శ్రీశైలం మట్టం చూసుకోండి. 840 అడుగుల దగ్గరికి వచ్చిందంటే సంగమేశ్వరం దారి తెరుచుకున్నట్టే. కొన్నేళ్ళు మార్చిలోనే తేలుతుంది, కొన్నేళ్ళు ఆలస్యమవుతుంది. జూలైలో ఎగువన జూరాల గేట్లు ఎత్తారని తెలిస్తే మాత్రం ఆగండి, రోజుల్లోనే మునిగిపోతుంది. నందికొట్కూరు వైపు నుంచి వెళ్ళేటప్పుడు నీళ్ళ సీసాలు రెండింతలు పెట్టుకోండి, ఖాళీవి వెనక్కి తెచ్చేయండి. దోర్నాల, మన్ననూరు రెండు వైపులా చెక్‌పోస్టులు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, ఆ లోపే అడవి దాటేలా చూసుకోండి. సోమశిలలో ఎండు చేపలు కొంటే వేలి పొడవు కన్నా చిన్నవి తీసుకోకండి. సంగమేశ్వరంలో ఒక పూటైనా ఉండి, గుడి వెనక్కి నడిచి ఆ పాత ఊళ్ళ పునాదులు చూసి రండి.